పెట్టె బరువుంటది

ఎల్బీనగర్,
అక్టోబర్ 14.

గీత వాళ్ళ అమ్మకు,

మట్టయ్య రాస్తున్నది. ఇంట్ల అందరం మంచిగున్నం.

ఈ కాగితం డబ్బ మూతల పెడుతున్న. పై గిన్నెల అన్నం, నడిమి గిన్నెల దోసకాయ పప్పు, కింది గిన్నెల పెరుగు. పప్పుల ఉప్పు రెండుసార్లు వేసిన్నేమో అని అనుమానం. పెరుగు కలుపుకో, సరిపోతది.

మీ అత్త ఉన్నప్పుడు నీకు చెప్పాల్సింది ఆమెకు చెప్పేది. అండాలమ్మ పోయి మూడేండ్లాయె. అప్పటి సంది గోడకు చెప్తున్న, నువ్వు ఇంటుంటివి. ఇప్పుడు నువ్వు హాస్టల్ల, గోడ ఇక్కడ. ఫోన్ల నాకు నోరు పెగలది నీకెరుకే. ఏడో తరగతి సదివిన గద, అక్షరాలైతే మర్చిపోలే.

మావోడు శ్రీనివాస్ బస్సు డ్యూటీ ఎక్కేముందు మీ గేటు కాడ డబ్బ ఇస్తడు. పొద్దుమీకి ఖాళీ డబ్బ తెస్తడు. మూతల కాగితం సంగతి వానికి తెల్వది. తెల్వనీకు, నవ్వుతడు.

అన్నం సరిపోతున్నదా?

మట్టయ్య


దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్,
అక్టోబర్ 15.

మామకు సంతోషి దండాలు.

మూత తీస్తే కాగితం. ఏందో బిల్లు అనుకున్న. చదివినంక అట్లనే కూసున్న, అన్నం చల్లగయింది. పెండ్లయి పన్నెండేండ్లు, మీరు నాతోని ఇన్ని మాటలు ఎన్నడు మాట్లాడలే మామా. అన్నం సరిపోతున్నది. ఉప్పు రెండుసార్లు కాదు, మూడుసార్లు వేసిండ్రు.

ఈ నర్సింగ్ సదువు ఎట్లున్నదో మీరు అడగలే గాని నేనే చెప్తా. కొత్త పిల్లలు నాలుగేండ్లు సదివే డిగ్రీ ఇది. నాలెక్క డిప్లొమా చేసి ఉద్యోగం చేసినోళ్లకు రెండేండ్లల్ల చెప్తరు. అంటే నడిచేది లేదు, ఉరుకుడే. పొద్దున అయిదింటికి లేస్తం. ఏడు కొట్టంగనే దవాఖాన వార్డుల ఉండాలె. ఒంటిగంట దాక వార్డు, రెండింటి సంది క్లాసులు, పొద్దుమీకినంక రికార్డులు రాసుడు. నా పక్క మంచం పిల్లకు ఇరవై మూడేండ్లు. నన్ను ఆంటీ అంటది. నాకు ముప్పై ఆరు, అంటది మరి.

ఒక ఇచిత్రం చెప్పాల్నా? పదకొండేండ్లు చేసిన పనే మళ్ళ చేపిస్తున్నరు, కాని ప్రతిదానికి "ఎందుకు?" అని అడుగుతున్నరు. బీపీ చూసినవు, ఎందుకు? పక్క మీద మనిషిని ఆ దిక్కే ఎందుకు తిప్పినవు? చేతులకు తెలుసు, నోటికి తెల్వది. అంతా ఇంగ్లీషుల చెప్పాలె.

గీత జడలు ఎవరు వేస్తున్నరు?

సంతోషి


ఎల్బీనగర్,
అక్టోబర్ 16.

గీత వాళ్ళ అమ్మకు,

జడలు నేనే వేస్తున్న. మలక్‌పేట గంజ్‌ల ముప్పై రెండేండ్లు బస్తాల మూతులు కుట్టినోనికి రెండు జడలు ఒక లెక్కనా అనుకున్న. మొదటి దినం గీత అద్దంల చూసుకొని, "తాతా, ఇది జడ కాదు, ఉల్లిగడ్డ బస్తా మూతి" అన్నది. కాని బడి నుంచి వచ్చేదాక ఒక్క ఎంట్రుక ఊడలే. వాళ్ళ టీచరు అడిగిందట, ఎవరేసిండ్రమ్మ ఇంత గట్టిగ అని.

రేపటి సంది ఉప్పు చెంచతోని కొలిచి వేస్త.

ఆంటీ అంటే అననీ. ఆ పిల్లకు గూడ ఒక ముద్ద పెట్టు.

మట్టయ్య


దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్,
డిసెంబర్ 9.

మామకు దండాలు.

ఇయ్యాల పెద్ద గొడవైంది. నవ్వి నవ్వి కడుపు నొస్తున్నది, అందుకే ముందు ఇది రాస్తున్న.

మా వార్డెన్ శేషారత్నం మేడం కాకినాడ మనిషి. బస్తీ ఆరోగ్యం పాఠం గూడ ఆమెనే చెప్తది. రోజు నా డబ్బల చీటీలు వస్తున్నయని ఎవరో చెవుల వేసిండ్రు. మెస్‌ల అందరి ముంగట మూత తీసి కాగితం పట్టుకున్నది. "ఏంటండీ సంతోషిగారూ, పెళ్లయి పిల్ల ఉన్న మనిషి, డబ్బాలో ఈ ఉత్తరాలేంటండీ? ఎవరండీ ఆయన?" అన్నది. నేను నోరు తెరిచేలోపలనే గట్టిగ చదివింది:

"గీత వాళ్ళ అమ్మకు. వంకాయ మాడింది. పై పొర తీసి తిను. గీతకు లెక్కల్ల పద్దెనిమిది. మట్టయ్య."

మెస్‌ల నవ్వులు చూడాలె! మేడం కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది. "మావగారా అండీ? మావగారు వండి పంపిస్తున్నారా? ఇంత ముక్తసరిగా రాసేవారిని నేను చూళ్ళేదండీ" అన్నది. రేపటి సంది రోజు గేటు కాడికే వచ్చి, "ఇవాళ మావగారు ఏం రాశారండీ?" అని అడుగుతదట.

ఇంకొకటి. నిన్న రెండో ఆదివారమని ఇంటికొస్తే మీరు పేపరు వెనక దాక్కున్నరు. పేపరు తలకిందులున్నది. ఉత్తరంల ఇంత మాట్లాడేటోళ్లు ఎదురుంగ ఉంటే ఏమైతది మామా?

సంతోషి


ఎల్బీనగర్,
డిసెంబర్ 10.

గీత వాళ్ళ అమ్మకు,

మేడం చదువుతదని తెలిస్తే వంకాయ మాడనిచ్చేటోన్ని కాదు.

పేపరు సంగతి అడగకు.

మట్టయ్య


దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్,
ఫిబ్రవరి 20.

మామకు,

వారం సంది రాయలే. రాయాల్సింది మంచిగ లేదు.

మొన్న నా సెమినార్. అరవై మంది ముంగట నిలబడి అరగంట ఇంగ్లీషుల చెప్పాలె. గుండెజబ్బు పేషెంటును ఎట్ల చూసుకోవాలె అన్నది నా పాఠం. అసొంటోళ్లను ఎంతమందిని చూసిన్నో నాకే లెక్క లేదు. రెండు ముక్కలు చెప్పిన, మూడోది రాలే. నిలబడ్డ, నిలబడ్డ, పోయి కూసున్న. ఎనక బెంచి పిల్లలు నవ్విండ్రు. నా పక్క మంచం పిల్ల నవ్వలే, అదే ఇంకా బాధైంది.

డిప్లొమా అని పదకొండేండ్లు స్టాఫ్ నర్సుగనే ఉంచిండ్రు. డిగ్రీ ఉంటే వార్డు ఇంచార్జి అయితనని ఆశపడి వచ్చిన. నాతోని కాదు మామా. తెలుగు మీడియం మనిషిని, ఈ వయసుల ఈ ఉరుకుడు ఏంది నాకు? నా పాత నౌకరీ నాకియ్యమని అడుగుత.

ఆదివారం ఇంటికొచ్చేస్త. ఆయనకు ఫోన్ల చెప్తే అక్కడనే లొల్లి చేస్తడు. మీరే నిమ్మళంగ చెప్పండి. పొద్దున పదింటికి హాస్టల్ గేటు కాడికి రమ్మనండి. పెట్టె బరువుంటది.

సంతోషి


ఎల్బీనగర్,
ఫిబ్రవరి 21.

గీత వాళ్ళ అమ్మకు,

కాగితం రెండు దిక్కులా రాస్తున్న. ఎన్నడు ఇంత రాయలే. తప్పులుంటే దిద్దుకో.

గంజ్‌ల చేరిన మొదటి నెల నా ఏండ్లు పుండ్లైనయి. దబ్బనం బస్తాల దిగుడు తక్కువ, నా చేతుల దిగుడు ఎక్కువ. అందరు నవ్విండ్రు. నేను గూడ మూట సదురుకున్న, ఊరికి పోదామని. అప్పుడు గోపయ్య మేస్త్రి ఒక మాటన్నడు. "ఒరేయ్, సగం నిండిన బస్తా మూతి కుట్టుడు ఎవని తోని కాదు, జారుతది. నిండు బస్తాకు మూతి దగ్గరికొస్తది, తొమ్మిది పోట్లేస్తే అయిపాయె."

నువ్వు నిండు బస్తావు. పదకొండేండ్లు నింపినవు. ఆ నవ్విన పిల్లలు ఇంకా సగమే. నీకు మూతి కుట్టుడే మిగిలింది. పుండ్లయితయి. అయితే కానీ.

నలుగుర్ల నోరు రాకపోవుడు సంగతి నాకు చెప్తున్నవా? నా అంత తెలిసినోడు ఈ పట్నంల లేడు. అరవై ఎనిమిదేండ్లు బతికిన, నోరు రాక ఒక్క దినం గూడ సావలే.

శ్రీనివాస్‌కు చెప్పలే. చెప్ప గూడ చెప్ప. మాట్లాడనోన్ని గద, మర్చిపోయిండు అనుకో. ఆదివారం పదింటికి గేటు కాడికి ఎవరు రారు.

సర్వపిండి పెట్టిన. నీకు, ఆ పక్క మంచం పిల్లకు, మేడంకు సరిపోతది.

మట్టయ్య


దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్,
ఫిబ్రవరి 24.

మామకు,

పదింటికి గేటు కాడికి పోయిన. పదకొండు దాక చూసిన. ఎవరు రాలే. మీ మీద మస్తు కోపమొచ్చింది. మీ ఉత్తరం అక్కడనే నిలబడి మళ్ళొక్కసారి చదివిన.

పెట్టె మంచం కింద పెట్టిన.

సర్వపిండి మాడలే.

సంతోషి


ఎల్బీనగర్,
మే 12.

గీత వాళ్ళ అమ్మకు,

నీ పరీక్షలు ఎట్ల రాస్తున్నవు? పాసైతవు. ఇంగ్లీషుల నిలబడి రెండో సెమినార్ చెప్పినవని గీత చెప్పింది. కాగితం చూసుకుంట చెప్తే ఏంది, చెప్పినవు గద.

గీత, నేను మిద్దె మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టినం. పగటి పన్నెండింటికి. గీత చెప్పులు మర్చిపోయి ఎక్కి, గంతులు పెట్టుకుంట కిందికి ఉరికింది. నేను ఉత్త కాళ్లతోనే రెండు చీరెల నిండ పెట్టి, నిమ్మళంగ దిగిన. నాకు చురుక్కన్నది గూడ లేదు. గంజ్‌ల గట్టిబడ్డ కాళ్లు. ఈ కాలం పిల్లలకు ఏడికెళ్ళి వస్తయి అసొంటి కాళ్లు!

వడియాలు ఎండినంక పంపుత.

మట్టయ్య


దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్,
మే 12, సాయంత్రం.

మామా,

ఇది చదవంగనే లేవండి. గోడకున్న చిన్న అద్దం తీసి కింద పెట్టండి. దాని మీద కాలు ఎత్తిపట్టి అరికాలు చూసుకోండి. రెండు కాళ్లు. వేళ్ల సందులు గూడ. అవి గట్టి కాళ్లు కావు మామా. మీకు షుగరు ఉన్నది గద, అది పాతదైతే కాళ్లల్ల స్పర్శ పోతది. మేలో మిద్దె కాలలేదంటే నాకు బుగులైతున్నది.

గీత తోని గాని, ఆయన తోని గాని చెప్పిపంపొద్దు. ఉన్నది ఉన్నట్టు మీ చేతి తోని రాయండి. రేపటి డబ్బల రావాలె. అన్నం లేకున్నా మంచిదే.

సంతోషి


ఎల్బీనగర్,
మే 13.

గీత వాళ్ళ అమ్మకు,

అద్దం పెట్టి చూసిన. కుడి కాలు బొటనవేలు కింద మేకు ముక్క, ఇరిగి అండ్లనే ఉన్నది. చెప్పు అడుగు నుంచి దిగింది. పుండైంది, జర వాసన ఉన్నది. నొప్పి లేదు.

అబద్ధమెందుకు. మూడు దినాల కింద చెప్పుల తడి చూసిన. నీ పరీక్షల వారమని రాయలే. తెలిస్తే ఈసారి నిజంగనే పెట్టె తెస్తవని భయమైంది.

అన్నం గూడ పెట్టిన. తిను.

మట్టయ్య


దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్,
మే 13.

మామా,

పెట్టె తేను. ఒట్టు. ఆయనకు ఫోన్ చేసిన, డ్యూటీ ఇడిచిపెట్టి వస్తున్నడు. మలక్‌పేట సర్కారు దవాఖానకు పోండి. మేకు మీరు గుంజకండి, దబ్బనం అసలే ముట్టకండి. మీ సంగతి నాకెరుకే.

పదకొండేండ్లు పుండ్లకు కట్లు కట్టిన గాని, పుండు కాకముందే పట్టుకోవచ్చని, అరికాలు రోజు చూసుకొమ్మని చెప్పాలని ఈడికొచ్చినంకనే సమజైంది. "ఎందుకు" అని అడుగుతున్నరని మీకు రాసిన గద. ఇందుకు.

ఆ పాత చెప్పులు బయట పారేయించండి.

సంతోషి


ఎల్బీనగర్,
జూన్ 22.

గీత వాళ్ళ అమ్మకు,

పుండు మానింది. డాక్టరు ఇంకో వారం ఆగితే వేలు తీసేటోళ్లం అన్నడు. ఎవరు చూసిండ్రు ముందుగాల అని అడిగిండు. ఎవరు చూడలే, ఉత్తరం చదివి పట్టుకున్నది అన్న. నర్సమ్మలందరు నా దిక్కు చూసిండ్రు. బయటికొచ్చిన.

రోజు అద్దం చూస్తున్న. అండాలమ్మ గూడ ఇంత చూసుకోలే అద్దంల.

మట్టయ్య


దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్,
నవంబర్ 18.

మామకు దండాలు.

రెండో ఏడు మొదటి ఏడు కంటే ఉరుకుడు ఎక్కువ. ఇప్పుడు చంపాపేట్ బస్తీల ఇండ్లిండ్లు తిరుగుతున్నం. ఈ శుక్రవారం అక్కడి కమ్యూనిటీ హాల్ల నేను జనానికి పాఠం చెప్పాలె. తెలుగులనే. కాని బయట నుంచి పరీక్ష పెట్టే మేడం వచ్చి మార్కులేస్తది. ఇది తప్పితే ఈ ఏడు పోయినట్టే. నేను తీసుకున్న పాఠం: షుగరు, అరికాలు, అద్దం.

ఒక మాట అడుగుత, కోపం చేయొద్దు. మీరొచ్చి మీ కాలు చూపిస్తరా? మాట్లాడేది లేదు. కూసుంటే చాలు.

గీత ఇంకొకటి చెప్పింది. గుడి కాడ లడ్డు ప్రసాదం రెండుసార్లు లైన్ల నిలబడి తెచ్చుకున్నరట. దాని లెక్క ఇంటికొచ్చినంక తీస్త.

సంతోషి


ఎల్బీనగర్,
నవంబర్ 19.

గీత వాళ్ళ అమ్మకు,

నాతోని కాదు. నలుగుర్ల కాలు చూపించుడు నా వశం కాదు. ఏమనుకోకు.

లడ్డు ఒక్కసారే. రెండోది పొడి.

మట్టయ్య


దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్,
నవంబర్ 22.

మామా,

నిన్న మీరు చేసిన పని మీకు ఎంత ఎరుకనో నాకు తెల్వది. మీరు ఉరికినంక ఏమైందో అసలే తెల్వది. అందుకే మొదటి సంది రాస్తున్న, కూసోని చదవండి.

హాల్ల యాభై మంది ఉన్నరు. పరీక్ష మేడం పెన్ను పట్టుకొని ముందు కుర్చీల కూసున్నది. ఆ పెన్ను చూసిన. అంతే, సెమినార్ దినం లెక్కనే అయింది. "అందరికి నమస్తే" అన్న, మళ్ళ మాట లేదు. శేషారత్నం మేడం కండ్లు మూసుకున్నది.

ఎనక కుర్చీ జరిగిన సప్పుడు. చూస్తే మీరు! రానని రాసినోళ్లు, తెల్ల అంగీ తొడుక్కొని, చెప్పులు ఎనకనే ఇడిచి, తల ఒంచుకొని నడుచుకుంట వచ్చిండ్రు. నా పక్కన స్టూలు మీద కుడి కాలు పెట్టిండ్రు. మీ గొంతు అంత పెద్దగుంటదని నాకు ఇన్నేండ్లు తెల్వదు మామా.

"గీ కాలుకు మేకు దిగితే నాకు మూడు దినాలు ఎరుక కాలే. వడియాల సంగతి రాస్తే చదివి పట్టుకున్నది. మా కోడలు. చెప్పు బిడ్డా సంతోషీ."

అంత మంది ముంగట నా పేరు. పదమూడేండ్ల సంది మీ నోట ఇననిది.

అంతే, నాకు మాటలు ఎట్లొచ్చినయో తెల్వది. ఇరవై నిమిషాలన్నరు, నలభై చెప్పిన. నడుమల రాములమ్మ అనే ముసలామె లేచింది. "ఓ పెద్దాయన, సూపిచ్చినవు గద, ఇగ కాలు తియ్యి. మా కాళ్లు పెట్టద్దా?" అన్నది. హాలంతా నవ్వులు. మీరు అప్పుడే ఉరికిండ్రు. తర్వాత లైను కట్టి ఒక్కొక్కరు అద్దం మీద కాలు పెట్టిండ్రు. ముగ్గురికి వాళ్లకే తెల్వని పుండ్లున్నయి. అందుల రాములమ్మ ఒకతె. వాళ్లను ఇయ్యాల దవాఖానకు తోల్కపోయినం.

పరీక్ష మేడం అడిగింది, పేషెంటును ముందుగానే ఏర్పాటు చేసుకున్నారా అని. శేషారత్నం మేడం జవాబిచ్చింది, "లేదండీ, ఆయన డబ్బాతో పాటు వస్తారండీ" అని. క్లాసుల అందరికంటే నాకే ఎక్కువ మార్కులు.

ఇగ అసలు సంగతి. పాదాల జాగ్రత్త మీద పాఠం అయింది, ఉత్త కాళ్లతోని నడవద్దని నేను గొంతు చించుకొని చెప్పిన. పాఠానికి కాలు చూపించినాయన చెప్పులు హాల్ల ఒదిలి, ఉత్త కాళ్లతోని బస్సెక్కి ఎల్బీనగర్ పోయిండు! బస్తీ అంతా నవ్వుతున్నది మామా. చెప్పులు నా మంచం కింద ఉన్నయి, పెట్టె పక్కన.

సంతోషి


ఎల్బీనగర్,
నవంబర్ 23.

గీత వాళ్ళ అమ్మకు,

చెప్పులు శ్రీనివాస్‌తోని పంపు. అద్దం చూసిన. రెండు కాళ్లు మంచిగున్నయి.

రాములమ్మకు ఎట్లున్నది?

మట్టయ్య


ఎల్బీనగర్,
అక్టోబర్ 10.

బిడ్డ సంతోషికి,

పాసైనవని శ్రీనివాస్ మెట్ల కింద నుంచే అరుసుకుంట వచ్చిండు. గీత వాడకట్టు అంతా చెప్పింది. నేను మిద్దె మీదికి పోయి కొంచెం సేపు కూసున్న. చెప్పులేసుకునే పోయిన.

కింది పోర్షన్ల కిరాయికున్న ఉదయలక్ష్మి గూడ నీలెక్క డిప్లొమా నర్సే. నిన్న మెట్ల కాడ ఆపి అడిగింది, "బాబాయ్‌గారూ, ఆ రెండేళ్ల కోర్సులో చేరితే ఎలా ఉంటుందండీ? నావల్ల అవుతుందంటారా?" అని. పేపరు చేతుల లేదు. తప్పించుకునే తొవ్వ లేదు. చెప్పిన.

రెండేండ్లు పప్పుల ఉప్పు కుదరదమ్మా అన్న. ఇంట్ల మొగోళ్లు జడలు వేసుడు నేర్చుకోవాలె. అయిదో నెలల పెట్టె సదురుకుంటవు, అందరు సదురుకుంటరు. ఆ దినం గేటు కాడికి ఎవరు రావద్దని ఇంటోళ్లకు ముందుగాలనే చెప్పిపెట్టు. నేర్చుకున్నది ఎవరికి పనికొస్తదో అంటే, మొదలు ఇంటోళ్ల కాళ్లకే పనికొస్తది. ఆమె నవ్వింది. రేపు ఫారం తెచ్చుకుంట అన్నది. వాళ్ళ మామ భానుమూర్తి ఒప్పుకుంటలేడట. వంట నేను నేర్పిస్త, పంపు అన్న. ఇన్ని మాటలు ఒక్కసారే మాట్లాడేసరికి గొంతు బొంగురు పోయింది.

ఇది ఆఖరి డబ్బ. ఆదివారం నువ్వు ఇంటికొస్తవు. ఇంటికొచ్చినంక మూతల కాగితం పెట్టుడు మంచిగుండదు. నోటితోనే చెప్పాలె. జర ఓర్సుకో. మెల్లమెల్లగ నేర్చుకుంట. నువ్వు రెండేండ్లల్ల నేర్చుకున్నవు, నాకు ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు.

దోసకాయ పప్పు పెట్టిన. ఉప్పు చెంచతోని కొలిచిన.

శ్రీనివాస్‌కు ఇయ్యాలనే చెప్పిన. నిన్న గూడ చెప్పిన. ఆదివారం పదింటికి గేటు కాడ ఉంటడు, నేను గూడ వస్తున్న. పెట్టె బరువుంటది.

మీ మామ
మట్టయ్య